పాత బోటు ఇంజనుకు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్

పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో నడిచే ఇంజనులో ఇంధనం తనంతట తాను అంటుకోదు. సిలిండరులో గాలీ ఇంధనపు ఆవిరీ కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ అదుముతూ పైకి వచ్చే సమయంలో, సరిగ్గా కావలసిన క్షణాన, ప్లగ్గు కొసన నిప్పురవ్వ పడాలి. ఆ రవ్వను పుట్టించే ఏర్పాటే ఇగ్నిషన్. పాతకాలపు ఇంజన్లలో ఈ పని ఒకదానికొకటి తగులుతూ విడిపోతూ ఉండే రెండు చిన్న లోహపు బిళ్ళల మీద నడిచేది. మెకానిక్‌లు వాటిని పాయింట్లనీ, ప్లాటినం అనీ అంటారు. ఆ బిళ్ళలను తీసేసి, అరుగుదలే లేని ట్రాన్సిస్టరు స్విచ్‌ను వాటి స్థానంలో పెట్టడమే పాత ఇంజనును ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు మార్చడం.

ఈ మార్పు అన్ని బోట్లకూ వర్తించదు. శ్రీశైలం జలాశయంలో సంగమేశ్వరం వైపు నుంచి అవతలి ఒడ్డున ఉన్న సోమశిలకు జనాన్ని దాటించే తరహా పెద్ద మరబోట్లకు సాధారణంగా డీజిల్ ఇంజన్లే ఉంటాయి. డీజిల్ ఇంజను గాలిని పదిహేను, ఇరవై రెట్లు కుదిస్తుంది. ఆ కుదింపుకే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ రవ్వతో పని లేకుండానే మండుతుంది. దానికి ప్లగ్గు లేదు, కాయిల్ లేదు, పాయింట్లూ లేవు. ఇగ్నిషన్ సమస్య ఉండేది రెండు రకాల బోట్లకే. ఒకటి, వెనుక చెక్కకు బిగించే ఔట్‌బోర్డ్ మోటారు. రెండు, బోటు కడుపులో కూర్చోబెట్టిన పెట్రోలు ఇంజను.

బోట్ల మాట మెట్ట సీమలోనూ వినిపిస్తుంది. కర్నూలు నుంచి నంద్యాల వెళ్ళే 40వ జాతీయ రహదారి మీది ఓర్వకల్లు వానలు తక్కువ పడే మెట్ట ప్రాంతం. అయినా నీళ్ళతోనూ పడవలతోనూ ఈ నేలకు సంబంధం లేకపోలేదు. ఓర్వకల్లు రాక్ గార్డెన్స్‌లో రాళ్ళ నడుమ నీటిగుంటలో బోటు షికారు ఉంది. నంద్యాల జిల్లా అవుకు జలాశయంలోనూ పర్యాటకుల బోట్లు తిరుగుతాయి. అంతకు చాలా ముందు, 1863–1870 నడుమ సుంకేశుల దగ్గర తుంగభద్ర నుంచి తవ్విన కర్నూలు–కడప కాలువను సాగునీటితో పాటు పడవల రాకపోకలకూ ఉద్దేశించారు. ఆ పడవలకు ఇంజన్లు లేవు.

ఇలాంటి చోట బోటు ఇంజన్లు తెలిసిన మెకానిక్ దొరకడం కష్టమే. కానీ అదే పరిజ్ఞానం వేరే రూపంలో ప్రతి ఊళ్ళోనూ ఉంది. 1489 సీసీ పెట్రోలు అంబాసిడర్‌కు, పాత మహీంద్రా పెట్రోలు జీపుకు, పోత ఇనుప ఇంజను ఉన్న బుల్లెట్‌కు పాయింట్లు సరిచేసిన చేతులు రోడ్డు పక్క షెడ్లలో ఇంకా ఉన్నాయి. బోటులోని నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనులో ఇగ్నిషన్ భాగం అంబాసిడర్‌లో ఉన్నట్టే ఉంటుంది. బ్యాటరీ, కాయిల్, డెల్కో అని పిలిచే డిస్ట్రిబ్యూటరు, దాని లోపల పాయింట్లు, కండెన్సరు, రోటరు, పైన మూత, అక్కడి నుంచి ప్లగ్గులకు వెళ్ళే వైర్లు. అంబాసిడర్ తెలిసిన మనిషికి బోటులో కొత్తగా తెలియాల్సినవి ముఖ్యంగా రెండు: నీళ్ళ మధ్య పెట్రోలు ఆవిరి ఎలా ప్రవర్తిస్తుందో, తడి ఏమేం చేస్తుందో.

పన్నెండు వోల్టుల బ్యాటరీకి ప్లగ్గు సందు దాటే శక్తి ఉండదు. కుదింపు ఒత్తిడిలో ఉన్న ఆ సందును దాటాలంటే వేల వోల్టులు కావాలి. కాయిల్‌లో ఒకే ఇనుప దిమ్మె మీద రెండు చుట్లు ఉంటాయి. మందపు తీగతో కొన్ని వందల చుట్లు ఒకటి, వెంట్రుకంత సన్నని తీగతో వేల చుట్లు రెండోది. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ మందపు చుట్టులో మూడు నాలుగు ఆంపియర్ల కరెంటు పారుతూ దిమ్మె చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని నింపుతుంది. డిస్ట్రిబ్యూటరు కామ్ తిరుగుతూ పాయింట్లను విడదీయగానే కరెంటు తెగిపోతుంది, క్షేత్రం కుప్పకూలుతుంది. పొలంలో మోటారు నడుస్తుండగా వాల్వు ఠక్కున మూస్తే పైపు దద్దరిల్లినట్టే, ఆగిన కరెంటు మందపు చుట్టులో రెండు మూడు వందల వోల్టులుగా, సన్న చుట్టులో పదిహేను వేలకు మించిన వోల్టులుగా ఎగదన్నుతుంది. దాన్నే రోటరు ఒక్కో ప్లగ్గుకు పంచుతుంది. రవ్వ పుట్టేది పాయింట్లు కలిసినప్పుడు కాదు, విడిపోయినప్పుడు. ఈ సంగతి గట్టిగా గుర్తుంటే ఇగ్నిషన్ లోపాల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి.

పాయింట్లు విడిపోయే క్షణంలో వాటి మధ్యే రవ్వ ఎగిరితే శక్తంతా అక్కడే కాలిపోతుంది. అది జరగకుండా 0.2 మైక్రోఫారడ్ చుట్టుపక్కల విలువ గల కండెన్సరు ఆ తొలి విసురును తనలోకి తీసుకుంటుంది. కరెంటు తెగడం ఎంత ఖచ్చితంగా జరిగితే రవ్వ అంత బలంగా పడుతుంది. చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో కాడిలాక్ కార్ల కోసం కుదిర్చిన ఈ పద్ధతి అరవై ఏళ్ళకు పైగా ప్రపంచంలోని పెట్రోలు ఇంజన్లను నడిపింది.

పని ఎంత ఎక్కువో లెక్క చూస్తే తెలుస్తుంది. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే పాయింట్లు 6000 సార్లు తెరుచుకుంటాయి, అంటే సెకనుకు వందసార్లు. కారు గేర్లు మారుస్తూ, ఆగుతూ పోతుంది. బోటు ఇంజనుకు ఆ వెసులుబాటు లేదు. నీటి బరువు ఎప్పుడూ ప్రొపెల్లరు మీద ఉంటుంది కాబట్టి గంటల తరబడి ఒకే వేగంలో, నిండు భారంతో తిరగాలి.

కొంతకాలం నడిచిన పాయింట్లను విప్పి వెలుతురులో పట్టుకుంటే వాటి బతుకంతా కనిపిస్తుంది. ఒక బిళ్ళ మీద చిన్న గుంట, ఎదురు బిళ్ళ మీద సరిగ్గా దానికి తగిన మొటిమ. ప్రతి రవ్వా పిసరంత లోహాన్ని ఒకవైపు నుంచి మరోవైపుకు మోసుకుపోయిన గుర్తులవి. ఫీలర్ గేజ్ ఆ మొటిమ నెత్తిన ఆనుతుంది, చుట్టూ ఉన్న అసలు సందును కొలవదు. అందుకే 0.35–0.40 మిల్లీమీటర్లు అని కొలిచి బిగించినా నిజానికి సందు ఎక్కువగా ఉంటుంది. కామ్ మీద రాసుకునే ఫైబరు మడమ కూడా అరుగుతుంది. అది అరిగేకొద్దీ సందు తగ్గి, రవ్వ ఆలస్యంగా పడుతుంది. ఇంజను ఆగదు, కానీ లాగుడు తగ్గుతుంది, వేడెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. చాలామంది ఈ దశలో కార్బురేటరు విప్పుతారు. మంచి కార్బురేటరును పదేపదే విప్పి పాడుచేసిన పాపంలో పెద్ద వాటా అరిగిన పాయింట్లదే.

బోటుకు దీనికి తోడు తడి, పడక. రాయలసీమ జలాశయాల్లో వేసవికి నీళ్ళు వెనక్కి పోతాయి. బోటు ఒడ్డెక్కుతుంది, ఇంజను నెలల తరబడి షెడ్డులో ఉండిపోతుంది. ఆ కాలంలో పాయింట్ల మీద కంటికి సరిగా కనపడని పొర పేరుకుంటుంది. వానలు పడి నీళ్ళు వచ్చాక తాడు ఎంత లాగినా ప్లగ్గుకు కరెంటు రాదు. ఎమరీ షీటుతో ఒకసారి రుద్దితే ఇంజను వెంటనే అందుకుంటుంది. పాత ఔట్‌బోర్డ్ మోటార్లలో ఆ రుద్దుడు కూడా సులువు కాదు. పాయింట్లు ఫ్లైవీలు కింద దాగి ఉంటాయి. ఫ్లైవీలు కిటికీలోంచి సందు కొలవొచ్చు గాని, పాయింట్లు మార్చాలంటే పుల్లరు పెట్టి దాన్ని పైకి లాగాల్సిందే.

1947లో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టాక ఈ స్విచ్ పనిని దానికి అప్పగించే ప్రయత్నాలు మొదలయ్యాయి. ఔట్‌బోర్డ్ మోటార్లకు 1960ల్లోనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. అమెరికాలో క్రైస్లర్ 1973 నాటికి తన కార్లన్నిటికీ ప్రామాణికంగా పెట్టింది. మన దేశంలో బుల్లెట్ వంటి బండి కూడా ఎలక్ట్రా మోడలుతో పాయింట్లను వదిలించుకుంది.

మార్పు కిట్లు పని చేసే తీరు ప్రధానంగా రెండు రకాలు. బ్యాటరీ, డిస్ట్రిబ్యూటరు ఉన్న ఇంజనుకు దొరికే కిట్‌లో సాధారణంగా రెండే భాగాలుంటాయి. కామ్ మీద తొడిగే ఒక ఉంగరం, పాయింట్ల పలక స్థానంలో బిగించే ఒక చిన్న మాడ్యూల్. ఉంగరంలో సిలిండరుకు ఒకటి చొప్పున అయస్కాంతాలు పొదిగి ఉంటాయి. అయస్కాంతం ఎదుట కరెంటు పారే లోహపు రేకులో అడ్డంగా కొద్దిపాటి వోల్టేజీ పుడుతుందన్న సూత్రాన్ని 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టాడు. మాడ్యూల్‌లోని హాల్ సెన్సరు ప్రతి అయస్కాంతాన్నీ గుర్తించి ట్రాన్సిస్టరుకు కబురు పెడుతుంది, అది కాయిల్ కరెంటును తెంచుతుంది. ఏ భాగమూ మరో భాగాన్ని తాకదు. మూత, రోటరు, వేగంతో పాటు రవ్వను ముందుకు జరిపే బరువులు, స్ప్రింగులు పాతవే ఉంటాయి. బయటి నుంచి చూస్తే ఇంజను మారిన ఆనవాలే కనపడదు.

బ్యాటరీ లేని ఔట్‌బోర్డ్‌కు దారి వేరు. అక్కడ ఎక్కువగా కనిపించేది సీడీఐ, అంటే కెపాసిటర్ డిశ్చార్జ్ ఇగ్నిషన్. ఫ్లైవీలు అయస్కాంతాలు తిరుగుతూ ఒక చుట్టులో పుట్టించే కరెంటు రెండు మూడు వందల వోల్టులతో ఒక కెపాసిటరును నింపుతుంది. సరైన క్షణంలో థైరిస్టరు అనే స్విచ్ ఆన్ అయి ఆ నిల్వనంతా ఒక్కసారిగా కాయిల్‌లోకి కుమ్మరిస్తుంది. వోల్టేజీ చాలా వేగంగా పైకి లేస్తుంది. టూ స్ట్రోక్ ఆయిలుతోనో కిరోసిన్ మసితోనో తడిసిన ప్లగ్గు మీద కూడా రవ్వ పడేది అందుకే. కిరోసిన్ మోటార్ల విషయంలో సీడీఐ చేసిన మేలు చిన్నది కాదు. పాత మోటారును పూర్తిగా సీడీఐకి మార్చాలంటే అదే ఇంజను తరువాతి మోడలు ఫ్లైవీలు, స్టేటరు, సీడీఐ పెట్టె, కాయిల్ కలిపి తేవాలి. వేర్వేరు చోట్ల ముక్కలు ఏరుకొచ్చి కూర్చితే టైమింగ్ కుదరదు. అంత ఖర్చు వద్దనుకుంటే ఫ్లైవీలు అయస్కాంతాలతోనే కరెంటు పుట్టించే పాత మాగ్నెటో కాయిల్‌ను అలాగే ఉంచి, పాయింట్లకూ కండెన్సరుకూ బదులు రెండు తీగల చిన్న మాడ్యూల్ పెట్టే పద్ధతి ఉంది. పొలాల్లో మందు కొట్టే యంత్రాలకు, చిన్న కిరోసిన్ పంపుసెట్లకు వాడేది ఇదే. ఒక సిలిండరు చిన్న మోటారుకు అది చాలు.

డిస్ట్రిబ్యూటరు ఉన్న ఇంజనుకు మార్పు మొదలుపెట్టే ముందు దాని షాఫ్టును రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకు కదిపి చూడాలి. బుష్ అరిగి షాఫ్టు ఊగుతుంటే ముందు బుష్ మార్చాలి. అయస్కాంతపు సెన్సరు కొంత ఊగుడును ఓర్చుకుంటుంది గాని ఆ జబ్బును నయం చేయదు. తరువాత ఎర్త్ ఏ వైపు ఉందో చూడాలి. పాత బ్రిటిష్ ఇంజన్లు కొన్నిటికి బ్యాటరీ పాజిటివ్ కొస ఎర్త్ అయి ఉంటుంది. నెగటివ్ ఎర్త్ కోసం చేసిన మాడ్యూల్‌ను అలాంటిదానికి కలిపితే మొదటి తాళం తిప్పుడుకే మాడిపోతుంది. మూడోది కాయిల్. మల్టీమీటరుతో మందపు చుట్టు నిరోధాన్ని కొలిచి, కిట్‌తో వచ్చిన కాగితంలో అడిగిన ఓమ్‌ల కంటే తక్కువ ఉంటే ఆ కాయిల్ వాడకూడదు. నిరోధం తగ్గితే కరెంటు పెరుగుతుంది. ఆ వేడి భరించాల్సింది మాడ్యూలే.

బిగింపు పని తేలిక. మూత, రోటరు తీసి, పాయింట్లు, కండెన్సరు ఉన్న పలకను విప్పి, దాని చోటును శుభ్రంగా తుడిచి, మాడ్యూల్ బిగించి, కామ్ మీద ఉంగరాన్ని చివరి దాకా నొక్కితే చాలు. ఉంగరానికీ సెన్సరుకూ మధ్య కిట్‌లో చెప్పిన సందు తప్పకుండా ఉండాలి, తీగలు తిరిగే బరువులకు తగలకూడదు. ఒక తీగ కాయిల్ పాజిటివ్‌కు, రెండోది నెగటివ్‌కు వెళ్తుంది. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. కొన్ని ఇంజన్లలో కాయిల్‌కు వచ్చే దారిలో బలాస్ట్ నిరోధం ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కాయిల్ దగ్గర పన్నెండు వోల్టులకు బదులు ఏడెనిమిది వోల్టులే ఉంటాయి. పాయింట్లకు అది సరిపోయింది. మాడ్యూల్‌కు చాలదు. దాని పాజిటివ్ తీగను బలాస్ట్‌కు ముందు, తాళం వైపు నుంచి తీసుకోవాలి. పాత బోటులో తుప్పు పట్టిన తాళం స్విచ్, పచ్చబారిన రాగి కొసలు కూడా వోల్టేజీని తినేస్తాయి. ఇంజను నడుస్తుండగా మాడ్యూల్ దగ్గర మీటరు పెట్టి చూడకుండా పని అయిపోయిందనుకోకూడదు. ప్లగ్గు వైర్లు కూడా మార్చాలి. లోపల ఉత్త రాగి తీగ ఉన్నవి రేడియో గోల పుట్టించి మాడ్యూల్‌ను తికమక పెడతాయి. నిరోధం గల వైర్లు వాడితే ఆ బెడద ఉండదు.

టైమింగ్ మళ్ళీ పెట్టడం తప్పనిసరి. పాయింట్లు విడిపోయే స్థానమూ సెన్సరు స్పందించే స్థానమూ ఒకటే కావు. పాయింట్లకు కొసన చిన్న బల్బు కట్టి, అది వెలిగే చోట డిస్ట్రిబ్యూటరును బిగించే పాత పద్ధతి చాలా మాడ్యూళ్ళకు సరిపడదు. ఇంజను నడిపి, మొదటి సిలిండరు వైరుకు టైమింగ్ లైటు తగిలించి, పుల్లీ మీద గీత చూసి సరిచేయాలి. రవ్వ తొందరగా పడితే బోటు ఇంజనులో ప్రమాదం ఎక్కువ. నిండు భారంలో నాకింగ్ వచ్చినా ప్రొపెల్లరు, నీళ్ళ చప్పుడులో వినపడదు. వినపడేసరికి పిస్టన్ కరిగిపోయి ఉండవచ్చు.

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. కారులో అది రోడ్డు మీదికి జారి చెదిరిపోతుంది. బోటులో అడుగున పేరుకుంటుంది. డిస్ట్రిబ్యూటరు మూతలో రోటరు కొసకూ వైరు కొసకూ మధ్య ప్రతిసారీ రవ్వ ఎగురుతూనే ఉంటుంది. పాయింట్లు తీసేసినంత మాత్రాన అది ఆగదు. బోట్ల కోసం చేసిన డిస్ట్రిబ్యూటరులో గాలి రంధ్రాలకు సన్నని జాలీ ఉంటుంది. లోపల మంట పుట్టినా బయటకు రాదు. డబ్బు కలిసొస్తుందని అంబాసిడర్ డిస్ట్రిబ్యూటరునో జీపు స్టార్టరునో తెచ్చి మూసిన బోటు కడుపులో పెట్టడం మనుషుల ప్రాణాలతో ఆట. మూసిన ఇంజను గది ఉన్న బోట్లలో కొనే భాగాలు ఎస్‌ఏఈ జె1171 వంటి బోటు ప్రమాణానికి తగినవై ఉండాలి. స్టార్టు చేసే ముందు కనీసం నాలుగు నిమిషాలు బ్లోయర్ తిప్పాలన్నది అమెరికా కోస్ట్‌గార్డ్ చెప్పే నియమం. దాన్ని పాటించకపోవడానికి ఏ కారణమూ ఉండకూడదు.

నడిపే మనిషి ముంజేతికి కట్టుకునే తాడు, అంటే ఆపు స్విచ్, మార్పు తరువాత విడిగా పరీక్షించాల్సినది. మాగ్నెటో, సీడీఐ ఉన్న మోటారును ఆపేది కరెంటును ఎర్త్‌కు కలిపి. బ్యాటరీ ఇగ్నిషన్‌ను ఆపేది సరఫరా తెంచి. ఒకదాని స్విచ్‌ను మరోదానికి అలాగే కలిపితే మనిషి నీళ్ళలో పడ్డా ఇంజను ఆగదు, లేదంటే మాడ్యూల్ కాలుతుంది.

కర్నూలు మే నెల ఎండల్లో గాలే నలభై డిగ్రీలు దాటుతుంది. కవరు కింద, ఇంజను పక్కన అది ఇంకెంతో ఎక్కువ. ట్రాన్సిస్టరుకు వేడే అసలు శత్రువు. మాడ్యూల్‌ను బయట బిగించే రకమైతే గాలి తగిలే చోట, చదునైన లోహపు పలక మీద, మధ్యలో వేడిని లాగే పేస్టు రాసి పెట్టాలి. ఇంజను ఆపి తాళం ఆన్‌లో వదిలేసినా కాయిల్, మాడ్యూల్ రెండూ కాలుతాయి. వేడికి దెబ్బతిన్న మాడ్యూల్ లక్షణం ఒకటే: అరగంట బాగా నడిచి ఆగిపోతుంది, చల్లబడ్డాక మళ్ళీ ఏమీ ఎరగనట్టు అందుకుంటుంది. పెట్రోలు ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయినా ఇలాగే జరుగుతుంది కాబట్టి ముందు ఆ మూత వదులు చేసి చూడాలి.

మార్పు వల్ల కలిగే లాభం స్పష్టం. తొందరగా స్టార్టు కావడం, నిలకడైన ఐడిలింగ్, సందు కొలిచే పని లేకపోవడం, నెలలు పడుకున్నా రవ్వ పోకపోవడం. ప్లగ్గు సందును కిట్ ఒప్పుకుంటే 0.8 మిల్లీమీటర్ల దాకా పెంచుకోవచ్చు. ఇంజను బలం పెరుగుతుందని చెప్పే మాటలు మాత్రం నమ్మనక్కరలేదు. సరిగ్గా పెట్టిన కొత్త పాయింట్లతో వచ్చే బలమే ఇదీ. తేడా ఏమిటంటే అది నెలల తరబడి అలాగే ఉంటుంది. కుదింపు పోయిన ఇంజనుకు, కార్బురేటరు కారుతున్న ఇంజనుకు, బ్యాటరీ నిలవని బోటుకు ఈ ఖర్చు వృథా. ముందు ఆ పనులు చేయించాలి.

రెండు పద్ధతులూ చెడిపోయే తీరులో పెద్ద తేడా ఉంది. పాయింట్లు మెల్లగా చెడతాయి. మిస్ కొట్టి, బ్యాక్ కొట్టి, ఒడ్డు చేరే వ్యవధి ఇస్తాయి. నడి నీళ్ళలో అయినా ఒక స్క్రూడ్రైవరుతో బాగుపడతాయి. మాడ్యూల్ పూర్తిగా చెడిందంటే ఆ క్షణంలోనే ఇంజను ఆగుతుంది, దాన్ని బాగుచేసే వీలు లేదు. అందుకే మార్చిన ఇంజనును ముందు ఒడ్డునే నడిపి చూడాలి. ఔట్‌బోర్డ్ అయితే నీళ్ళ డ్రమ్ములో మోటారు కింది భాగం ముంచి నడపాలి, ఎందుకంటే నీళ్ళు లేకుండా తిప్పితే ఇంజనును చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు రెక్కలు నిమిషాల్లో కాలిపోతాయి. బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, వేడి మీదే మళ్ళీ స్టార్టు చేసి, ఆ తరువాత తీరం వెంట తిప్పాలి. విప్పిన పాత పలకను పారేయకూడదు. పాయింట్లు, కండెన్సరు దానికే బిగించి, సందు ముందే పెట్టి, ఫీలర్ గేజ్, చిన్న స్క్రూడ్రైవరుతో కలిపి తడి తగలని డబ్బాలో బోటులోనే ఉంచాలి. తీగలు ఎక్కడివి అక్కడ గుర్తు పెట్టి ఉంటే, దాన్ని తిరిగి బిగించి ఇంజనును నడపడం అరగంట పని.